అయిదక్షరాల అబద్ధం

మోసమా? ఆ మాట మీ నోటి నుంచి కూడా వినాల్సి వచ్చిందా వదినా! ఊళ్ళో తాగుబోతులెవరో అన్నారంటే సరే అనుకుంటా. మీరూనా?

కూర్చోండి ముందు. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇలా బల్ల మీదకి రండి.

గుమ్మంలోకి రాగానే మోకాళ్ళ మీద వంగి 'మిగ్వో' అన్నానా లేదా? మీరు నా భుజం తట్టి లేపారా లేదా? పెద్దవారు మీరు. మీకు దణ్ణం పెట్టడానికి నాకేం నామోషీ లేదు, రోజూ పెట్టమన్నా పెడతా. కానీ తప్పయిందని ఒప్పుకుంటూ జిన్ను సీసా ఒకటి పట్టుకుని, దాని మీద ఓ నోటు పెట్టుకుని, మీ ఇంటికొచ్చి మీ తమ్ముడి ముందు మోకాళ్ళ మీద వంగమంటున్నారే, అది మాత్రం జరగదు. మన వారీ పట్నం మొత్తం కదిలొచ్చి అడిగినా జరగదు.

ఉండండి, పొయ్యి మీద పామాయిల్ కాయలు ఉడికాయి. రోట్లో వేసి దంచుతూ మాట్లాడతా, ఏమీ అనుకోకండి. చేతికి పనుంటే నా నోరు కాస్త అదుపులో ఉంటుంది.

వారం నుంచి ఆయన తిండి మీ ఇంట్లోనే కదా. ఏం వండిపెడుతున్నారు? ... ఓహో. కర్రపెండలం స్టార్చ్ ముద్ద సరిగ్గా సాగలేదని వంక పెట్టాడా? పెడతాడు. పెళ్ళయిన కొత్తలో నాకూ పెట్టాడు. గిన్నె ఆయన ముందుకి తోసి, నువ్వే తిప్పు చూద్దాం అన్నా. ఆ తరవాత మళ్ళీ వంక పెట్టలేదు. మీరూ అలాగే చెయ్యండి.

సరే, అసలు విషయానికి రండి. మీకు ఆట తెలీదు. తెలీని ఆట గురించి ఆయన చెప్పింది చెప్పినట్టు నమ్మేసి నా దగ్గరికి వచ్చారు. ఇప్పుడు నేను చెప్పేది వినండి.

స్క్రాబుల్‌లో సంచీలోంచి బిళ్ళలు తీస్తాం. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం. చేతికొచ్చిన ఏడింటితో బోర్డు మీద మాట కట్టాలి. అంతే ఆట. అంతేనా అంటే మాత్రం మా క్లబ్బులో వాళ్ళు మిమ్మల్ని కొడతారు. మావాళ్ళు ఏడక్షరాలతో మాట దొరికినా ఒక్కోసారి వదిలేసి అయిదక్షరాలే వేస్తారు. ఎందుకంటే పొడుగు మాట వేస్తే బోర్డు తెరుచుకుంటుంది, అవతలివాడికి దారి దొరుకుతుంది. అయిదు వేసి తలుపు మూసెయ్యాలి. అందుకని మా సాధనంతా అయిదు మీదే. అయిదక్షరాలు, లోపల ఫలానా అక్షరం ఉండాలి, ఫలానా అక్షరం కూడా ఉండాలి, చెప్పు. పొద్దున లేస్తే అదే.

అసలు మీ తమ్ముడు నన్ను వెంటపడి పెళ్ళి చేసుకుంది దాంతోనే. మా అమ్మ అకారా గారెలు వేయించే చోటికి వచ్చి, కొనడు, తినడు, నిలబడి "అయిదక్షరాలు, క్యూ ఉండాలి, డబ్ల్యూ ఉండాలి" అనేవాడు. నేను జవాబు చెప్పలేక సిగ్గుపడేదాన్ని. మర్నాడు మళ్ళీ వచ్చి తనే చెప్పేవాడు, "వక్ఫ్‌లు" అని. అంటే ఏమిటి అంటే, "అర్థంతో మనకేం పని, ఉందా లేదా అదే ముఖ్యం" అనేవాడు. మా అమ్మ ఒకరోజు విసిగిపోయి, ఈ అబ్బాయి ప్రేమిస్తున్నాడా పరీక్ష పెడుతున్నాడా అని అడిగింది. నవ్వకండి. నిజంగానే అడిగింది.

నొప్పులు పడుతూ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా పక్కన కూర్చుని "జెడ్ ఉండాలి, కె ఉండాలి" అన్నాడు వదినా. నర్సు బయటికి పొమ్మంది. నేను పళ్ళు బిగపట్టి "కాంజు" అన్నా. ఆయన మొహం వెలిగిపోయింది. బిడ్డ పుట్టినప్పుడు కూడా అంతగా వెలగలేదనుకుంటా.

అలాంటి మనిషి ఆయన. నేను కాదనడం లేదు. నాకు వచ్చిన ప్రతి మాటా ఆయన పెట్టిందే. దాన్ని ఏ సభలో చెప్పమన్నా చెప్తా.

కానీ నేర్పినవాడు ఎప్పటికీ గెలుస్తూనే ఉండాలని ఎక్కడైనా రాసి ఉందా?

ఆయన మూడుసార్లు రాష్ట్ర జట్టులో వెళ్ళాడు. మూడుసార్లూ సంచీ సర్దింది నేను. వీపు మీద 'డెల్టా' అని రాసుండే ఆ జెర్సీ ఇస్త్రీ చేసింది నేను. బస్సు దాకా వెళ్ళి చెయ్యి ఊపింది నేను. అప్పుడు ఇల్లేమైపోతుంది, పిల్లేమైపోతుంది అని ఒక్కరు అడిగారా? మీరడిగారా? ... లేదు కదా. మరిప్పుడు నేను అసాబాలో జట్టు క్యాంపుకి వెళ్తానంటే మాత్రం, ఆడది హాస్టల్లో ఎలా ఉంటుందంటున్నారు. ఎలా ఉంటుంది? మంచం మీద పడుకుంటుంది. పొద్దున లేచి పళ్ళు తోముకుంటుంది.

రెండు వారాల కిందట శనివారం ఏం జరిగిందంటే. జట్టులో ఒక్క చోటు మిగిలింది. ఆ చోటు కోసం ఆడీ ఆడీ చివరికి మిగిలింది మేమిద్దరం. క్లబ్బంతా మా బల్ల చుట్టూ మూగింది. కార్యదర్శి టోన్‌బ్రా గారైతే, "ఇవాళ ఓడినవాళ్ళు వంట చెయ్యాలి" అని జోకులు. మీ తమ్ముడు కూడా నవ్వాడు. గడియారం నొక్కేముందు అందరికీ వినపడేలా అన్నాడు, "బోర్డు దగ్గర మొగుడూ లేడు, పెళ్ళామూ లేదు" అని. ఇది ఆయన మాట, నాది కాదు. గుర్తుపెట్టుకోండి.

ఆట చివరికొచ్చేసరికి ఇద్దరం పాయింట్లలో దగ్గర దగ్గరగా ఉన్నాం. నా దగ్గర కె ఉంది, వి ఉంది. కదలని బిళ్ళలవి, ముల్లు గొంతులో దిగినట్టు ఉంటాయి. ఆ రెండూ ఉన్న అయిదక్షరాల మాట కావాలి. కెవెల్ అని ఒకటుంది, కెవిల్ అనీ ఉంది, రెండూ ఒకటే. ఓడలో తాడు కట్టే కొయ్యో ఏదో. కానీ వాటికి కావలసిన అక్షరాలు నా దగ్గర లేవు. ఉన్నవాటితో కెవోల్ వస్తుంది. కెవోల్ అనే మాట ఏ పుస్తకంలోనూ లేదు.

వేశాను.

ఇదిగో, మీ కళ్ళు పెద్దవయ్యాయి. అందుకే చెప్తున్నా, వినండి. లేని మాట వెయ్యడం మా ఆటలో తప్పు కాదు. వేసుకోవచ్చు. అవతలివాడికి అనుమానం ఉంటే సవాల్ చెయ్యాలి. సవాల్ చేస్తే ఇద్దరూ లేచి మూలనున్న కంప్యూటర్ దగ్గరికి వెళ్తారు, మాట కొడతారు. పచ్చగా వస్తే ఉన్నట్టు, ఎర్రగా వస్తే లేనట్టు. లేకపోతే వేసినవాడు బిళ్ళలు వెనక్కి తీసుకుంటాడు. ఉంటే సవాల్ చేసినవాడికి వంతు పోతుంది. అందుకని ఎవరూ ఊరికే సవాల్ చెయ్యరు. ధైర్యం ఉన్నవాడు వేస్తాడు, ధైర్యం ఉన్నవాడు ఆపుతాడు. ఇది మోసమైతే మా క్లబ్బులో ఒక్క మంచిమనిషి లేడు, మీ తమ్ముడితో సహా. ఆయన ఎన్ని లేని మాటలు వేసి ఎంతమందిని ఏడిపించాడో నన్నడగండి. నన్నే ఎన్నిసార్లు ఏడిపించాడో!

ఆయనే నేర్పాడు. మాట లేనప్పుడు మొహం వాడాలే పిచ్చిదానా అని. చేపలమ్మేవాళ్ళు తాజాదేనని నమ్మించినట్టు వెయ్యాలి, బిళ్ళ పెట్టి చెయ్యి వెంటనే లాక్కోకూడదు అని. నేను అలాగే పెట్టా. చెయ్యి లాక్కోలేదు. ఆయన మొహంలోకి చూడనూ లేదు. గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నా.

ఆయన "హోల్డ్" అన్నాడు. అంటే ఆగు, సంచీలోంచి కొత్త బిళ్ళలు తియ్యకు, నేను ఆలోచించుకోవాలి అని. ఆగాను. ఆలోచించాడు. పెదాలు కదులుతున్నాయి, కె, వి, ఓ అనుకుంటూ. చెవి తమ్మె పట్టుకుని లాగుకుంటున్నాడు. తెలిసిన మాటకి ఆయన చెవి పట్టుకోడు వదినా. తెలిస్తే మీ తమ్ముడి చెయ్యి బిళ్ళ కింద పడేలోపు పైకి లేస్తుంది. మేము ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం, ఆయన చెవి గురించి నాకు తెలీదా?

చివరికి "సరే, ఆడు" అన్నాడు. నేను సంచీలోంచి బిళ్ళలు తీశాను, తీశాక ఇంక సవాల్ చెల్లదు. అక్కడితో ఆట నాదైపోయింది.

ఇప్పుడు అసలు చూడండి. ఆట అయిపోయింది, అందరూ లేచారు, నాకు చేతులిస్తున్నారు. మీ తమ్ముడు ఎవరితో మాట్లాడకుండా మూలకెళ్ళి, కంప్యూటర్లో ఒక్కో అక్షరం కొట్టాడు. ఎర్రగా వచ్చింది. టోన్‌బ్రా గారు వెనకే నిలబడి చూశారు. కావాలంటే వెళ్ళి అడగండి.

తెలిసినవాడు చూసుకోవడమెందుకు వదినా? చెప్పండి. నేను వేసింది లేని మాటని ముందే తెలిసి, జాలిపడి నాకు వదిలేసినవాడు, తరవాత దొంగలా వెళ్ళి చూసుకుంటాడా?

అదే నా కోపం. ఆయన ఓడిపోయి ఉడుక్కున్నందుకు నాకు కోపం లేదు. పెళ్ళాల చేతిలో ఓడినవాళ్ళు మా క్లబ్బులో బోలెడుమంది ఉన్నారు, ఎవరికీ కొమ్ములు విరగలేదు. మొదటిరోజు ఆయన ఏమీ అనలేదు. ఇంటికొచ్చి పడుకున్నాడు. నేనే ఆయనకిష్టమని మిరియాల చేపల పులుసు చేశా, తిన్నాడు కూడా. రెండోరోజు పెప్పర్‌సూప్ దుకాణంలో స్నేహితులు ఏడిపించారట, పెళ్ళాం చెయ్యి నీ నెత్తి మీద పడిందిరా అని. అప్పుడు పుట్టింది ఈ కథ. "నాకు తెలుసు అది లేని మాటని. పోనీలే పాపం, ఒక్కసారి వెళ్తుందని వదిలేశా" అన్నాడట.

ఒకసారి అన్నాడు, నేను విననట్టు ఊరుకున్నా. ఏ మొగాడు అనడు అలాంటి సమయంలో? మళ్ళీ క్లబ్బులో అన్నాడు. ఆ తరవాతి ఆదివారం చర్చి దగ్గర, నేను పక్కన నిలబడి ఉండగా, పాస్టర్ గారితో అన్నాడు. పాస్టర్ గారు నా వైపు తిరిగి, "నీకు మంచి భర్తనిచ్చాడమ్మా దేవుడు" అన్నారు. ఆమెన్ అనమంటారా నన్ను!

ఆ రోజు ఇంటికొచ్చి అడిగేశా. నిజం చెప్పు, తెలుసా నీకు అని. తెలుసన్నాడు. కంప్యూటర్ సంగతి అడిగా. చొక్కా తగిలించుకుని మీ ఇంటికి వచ్చేశాడు. ఇదీ జరిగింది. ఆయన మీతో, నేను తిట్టి పంపించేశానని చెప్పాడా? ... అనుకున్నా.

ఇన్నేళ్ళ తరవాత నేను ఒకటి గెలిచా వదినా. ఒక్కటి. అదీ వంట గదిలో గెలిచింది కాదు, నలుగురి ముందు, గడియారం పెట్టుకుని గెలిచింది. దాన్ని చేతిలోంచి లాక్కుని, ఇదిగో నేనే ఇచ్చానని మళ్ళీ నాకే ఇస్తున్నాడు. ఎవరికి కావాలి ఆ దానం!

ఏంటి? ... ఆఖరి అవకాశమా ఆయనకి? వయసైపోతోందా? మోకాలు నొప్పా? వదినా, కూర్చుని ఆడే ఆటకి మోకాలుతో పనేముంది! నాకు మాత్రం వయసు వెనక్కి నడుస్తోందా ఏంటి.

తప్పుకుంటే తరవాతి వాడు ఆయనే కాబట్టి చోటు ఆయనకే పోతుందని నాకూ తెలుసు. ఒంట్లో బాగాలేదని ఒక్కమాట చెప్పు చాలు అంటున్నారు. ఇంటి పరువు ఇంట్లో ఉంటుంది అంటున్నారు. నా పరువు ఎక్కడ పెట్టమంటారు మరి, ఈ రోట్లోనా?

ఎటు చూస్తున్నారు మాటిమాటికీ? కిటికీ బయటేముంది?

కెకె ఆటోలో వచ్చానన్నారు కదూ. కెకె అయితే దింపేసి వెళ్ళిపోయి ఉండాలి. ఆ కీచుమనే చప్పుడు ఏంటి మరి? మా కారు బెల్టు మార్పించమని నేను ఎన్ని నెలల నుంచి మొత్తుకుంటున్నాను!

ఏసు ప్రభువా. నీళ్ళ ట్యాంకరు వెనకాల దాక్కున్నాడా? మిమ్మల్ని లోపలికి పంపించి తను కారులో కూర్చున్నాడా? ఆ కారులో ఏసీ కూడా పనిచెయ్యదు వదినా! ఈ ఎండలో ఉడికిపోతూ కూర్చున్నాడా? ఎంతసేపటి నుంచి? ... మనిషికి బుద్ధి లేకపోతే సరి. తలనొప్పి వస్తుంది ఆయనకి, ఎండ పడదు.

లేదు, నేను బయటికి వెళ్ళను. కిటికీ తీస్తా. బాగా తీస్తా. ఇప్పుడు వినపడుతుంది.

ఇదిగో వదినా, మీతోనే మాట్లాడుతున్నా, కాస్త గట్టిగా మాట్లాడుతున్నా అంతే. మీకు వినపడదని! మీ తమ్ముడికి చోటే కదా కావాలి? ఇచ్చేస్తా. అవును. క్లబ్బుకొచ్చి అందరి ముందు ఒక్క మాట అనమనండి. "నాకు తెలీలేదు. నా పెళ్ళాం రుకెవ్వె నన్ను ఓడించింది" అని. అంతే. అన్న మరుక్షణం నేను తప్పుకుంటా. జెర్సీ ఇస్త్రీ చేసి నేనే ఇస్తా. సంచీ సర్దుతా.

అబ్బో, మీకు ఎంత సంతోషమో! పైటతో సైగలు కూడానా. పిలవండి, పిలవండి. ఒక్క మాటేగా, అనేస్తాడులే అనుకుంటున్నారు కదూ. మీ తమ్ముడు మీకు తెలిసింది చిన్నప్పుడు.

... దిగుతున్నాడు.

నిజంగానే దిగుతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది చూడండి. సన్నబడ్డాడు. మీరేం పెట్టారసలు వారం నుంచి?

వదినా. ఆగండి. ఆయన ఆ ట్యాంకరు దాటి గేటు దాకా వచ్చేలోపు ఒక మాట. ఇప్పుడన్నాను చూశారా, చోటిచ్చేస్తానని, అది వెనక్కి తీసుకుంటున్నా. అలా చూడకండి, మాట తప్పుతున్నాననుకుంటే అనుకోండి. చోటిస్తానంటే ఆయన ఆ మాట అంటాడు. ఆ నడక చూస్తేనే తెలుస్తోంది, అనడానికే వస్తున్నాడు. అని, చోటు తీసుకుని, అసాబా వెళ్ళొచ్చి, మళ్ళీ పెప్పర్‌సూప్ దుకాణంలో కూర్చుని, "చోటు కోసం అన్నాన్రా, ఆడదాన్ని సంతోషపెట్టాలి కదా" అంటాడు. అప్పుడు నాకేం మిగిలింది? మళ్ళీ దానమే. ఈసారి నేనే అడుక్కున్న దానం.

కాదు. ఆ మాట అంటే నిజం కాబట్టి అనాలి. నా చోటు మాత్రం నాది. సోమవారం పొద్దున బస్సు ఎక్కుతా. ఆయన అన్నా ఎక్కుతా, అనకపోయినా ఎక్కుతా.

చోటు దొరికింది కదా, ఇంక ఆయన అంటే ఎంత, అనకపోతే ఎంత అంటారా?

నాకు కావాలి వదినా! మీ దగ్గర దాచడమెందుకు. ఈ రెండు వారాల్లో గెలిచానన్న సంతోషం నాకు ఒక్క పూట కూడా లేదు. అందరూ చెయ్యిచ్చారు, ఆయన ఇవ్వలేదు. నాకు క్యూ పక్కన డబ్ల్యూ పెట్టడం నేర్పిన మనిషి, నా మొహం చూసి, బాగా ఆడావే అంటాడేమోనని రోజూ తలుపు వైపు చూస్తూనే ఉన్నా. నాకు చోటూ కావాలి, ఆయన మాటా కావాలి, ఆయనా కావాలి. ఆశపోతునా? అవును, ఆశపోతునే. ఎవరేమనుకున్నా సరే.

ఈ రోకలి పట్టుకోండి కాస్త. గేటు చప్పుడైంది. వద్దు, మీరు లేవకండి, తలుపు నేనే తీస్తా.